కొత్త తాళ్ళు వచ్చేదాకా చెట్టెక్కం

విశాఖపట్నంలో చెట్ల కొమ్మలు తీసే పని మాది. దసరా లోపు చేస్తామని ఒప్పుకున్న పనుల్లో మా తాళ్ళ మీద మనిషి చెట్టెక్కి చేయాల్సినవన్నీ ఆపేశాం. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, కంచరపాలెం వైపు తేదీలు ఇచ్చిన వాళ్ళందరికీ మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. అయితే ఫోన్‌లో "తాళ్ళ ఇబ్బందండీ" అంటే చాలామందికి అది సాకులా వినపడినట్టుంది. "తాడు కొనుక్కోడానికి ఇన్ని రోజులా?" అని ఒకాయన అడిగారు. హుద్‌హుద్ తుపాను అప్పటి నుంచి మమ్మల్నే పిలుస్తున్న ఇళ్ళు ఉన్నాయి. మీకు సగం మాట చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సీతమ్మధారలో మా పాత కస్టమర్ ఒక అమ్మగారు ఉన్నారు. వాళ్ళ గుమ్మం ముందు పెద్ద నిద్రగన్నేరు. డాబా మీదకి వాలిన కొమ్మలు తీస్తున్నాం. పైన మా బావమరిది, కింద నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ. అలాంటి చోట కొమ్మ కోసి వదిలెయ్యం. ముందు కొమ్మకి తాడు కట్టి, ఆ తాడుని చెట్టు మొదలుకి రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకుని, కోసిన కొమ్మని మెల్లగా దించుతాం. ఆ రోజు దించుతున్న కొమ్మ పెద్దదేం కాదు. మనిషి బరువు కూడా ఉండదు. సగం దిగాక తాడు పైతొడుగు చిరిగిపోయి లోపలి పోగులు బయటికొచ్చేశాయి. కొమ్మ పోయి ప్రహరీ మీద పడింది. గోడ పైవరస ఇటుకలు ఊడాయి, గేటు గ్రిల్లు వంగింది. దించే కొమ్మ కింద ఎవరూ నిలబడకూడదన్న నియమం మా దగ్గర ఎప్పుడూ తప్పదు కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడా గేటూ మేమే బాగు చేయించాం. అమ్మగారు ఖర్చులో సగం ఇస్తానన్నారు, తీసుకోలేదు.

గోడ సంగతి సరే. నా పై ప్రాణాలు పైనే పోయింది మాత్రం తలెత్తి చూసినప్పుడు. ఆ చిరిగిన తాడూ, మా బావమరిది నడుముకున్న తాడూ ఒకే చుట్టలోంచి కోసినవి. వాడు ముప్ఫై అడుగుల ఎత్తులో దాని మీదే బరువు వేసి ఉన్నాడు. "రంపం ఆపు, కాండం పట్టుకో, తాడు మీద వాలకు" అని కేకేశాను. నిచ్చెన వేసి, పక్కన పడేసిన పాత తాడు అందించి, జాగ్రత్తగా దించాం. దిగాక వాడు చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇక తాడు గురించి చెప్తాను. మీలో కొందరికి ఇది అక్కర్లేని వివరం అనిపించొచ్చు, కానీ మా వాళ్ళ ప్రాణం ఉన్నది అక్కడే.

మా నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. తన మోకు తనే పేనుకునేవాడు. ఏ పోగు ఎప్పుడు వేశాడో, ఎక్కడ అరిగిందో ఆయన చేతులకి తెలుసు. ఇప్పటి తాళ్ళు అలా తెలిసేవి కావు. బయటికి కనిపించేది తొడుగు మాత్రమే. బరువులో ఎక్కువ భాగం మోసేది లోపలి పోగులు. మనిషి వేలాడే ఇలాంటి తాళ్ళకి ఈఎన్ 1891 అని యూరప్ వాళ్ళ ప్రమాణం ఒకటి ఉంది. అందులో మేం వాడేది "టైప్ ఎ" అనే రకం, అది ఆ ప్రమాణం ప్రకారం కనీసం 22 కిలోన్యూటన్ల లాగుడికి తట్టుకోవాలి. అంటే రెండు టన్నులకు పైమాటే. ఆ ప్రమాణంతో చేసిన తాడు లోపల, పోగుల మధ్య, సన్నటి టేపు ఒకటి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెళ్తుంది. తయారుచేసింది ఎవరు, ఏ ప్రమాణం, ఏ ఏడాది, దేనితో చేశారు అన్నవి దాని మీద అచ్చువేసి ఉంటాయి. పైన తగిలించే అట్టముక్క ఎవరైనా తగిలించొచ్చు. లోపలి టేపు తాడు అల్లేటప్పుడే వెయ్యాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాడుని నిలువునా చీల్చి చూశాను. టేపు లేదు. పోగులు చివరిదాకా ఒకటిగా లేవు, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. నైలాన్ అని అమ్మారు కదా, చూద్దామని మా అమ్మాయి ఆ పోగులు కొన్ని బకెట్లో నీళ్ళు పట్టి వేసింది. తను ఇంటర్ చదువుతోంది. నైలాన్ సాంద్రత 1.14, నీళ్ళలో మునగాలి. పాలీప్రొపిలీన్ అయితే 0.91, తేలుతుంది అని చెప్పింది. గాలి బుడగలు ఉంటే మోసపోతామని నీళ్ళలో బాగా పిసికి మరీ వదిలింది. అన్నీ పైకి తేలాయి. పాలీప్రొపిలీన్ దాదాపు 165 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నైలాన్ 220 దాకా ఆగుతుంది. మొదలుకి రాసుకుంటూ జారే తాడు ఎంత వేడెక్కుతుందో గ్లౌజులు వేసుకుని పట్టుకున్న మాకు తెలుసు. దించే కొమ్మ సంగతి వదిలెయ్యండి, మనిషి ఆ తాడు మీదే జారి కిందికి దిగుతాడు.

అమ్మిన షాపు పేరు రాయను. ఏళ్ళుగా మాకు సామాను ఇచ్చిన షాపు అది. చెయిన్లు, ఆకురాళ్ళు, హెల్మెట్లు అన్నీ అక్కడే కొన్నాం. బిల్లు మీద ఈఎన్ 1891 అని వాళ్ళ చేత్తోనే రాసిచ్చారు. తాడు తీసుకెళ్ళి చూపిస్తే మొదట "రంపం తగిలి ఉంటుంది" అన్నారు. కోతకీ కరగడానికీ తేడా తెలియని పనివాణ్ణా నేను? తొడుగు అంచులు కరిగి గట్టిపడి ఉన్నాయి, చేత్తో తడిమి చూడమన్నాను. చూడలేదు. తర్వాత "మీ నాన్న ఎక్కినప్పుడు ఏ సర్టిఫికెట్ ఉండేదయ్యా?" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. మా నాన్న తన తాడు తను చేసుకున్నాడు. ఎవరి మాటా నమ్మి నడుముకి కట్టుకోలేదు.

చివరికి వాళ్ళు ఒక దారి చెప్పారు. ఆ చుట్టలో మిగిలిన తాళ్ళన్నీ కొయ్యకుండా తెచ్చిస్తే డబ్బంతా వెనక్కి ఇచ్చేస్తామన్నారు. తక్కువ డబ్బు కాదు అది. మా కుర్రాళ్ళ జీతాలు, అమ్మాయి కాలేజీ ఫీజు, రెండూ అందులో సర్దుకునేవి. ఈ ఒక్క విషయం మీద మా ఇంట్లో జరిగినన్ని మాటలు ఇంకే విషయం మీదా జరగలేదు. వెనక్కిస్తే ఆ తాళ్ళు ఎక్కడికి పోతాయి? మళ్ళీ అదే అరలోకి. తర్వాత కొనేది అనకాపల్లి నుంచో విజయనగరం నుంచో వచ్చిన ఇంకో చెట్ల టీమో, అపార్ట్‌మెంట్ గోడకి వేలాడుతూ రంగులు వేసే కుర్రాడో. "కోసి, ముక్కలు తెచ్చి ఇస్తాను, డబ్బివ్వండి" అని అడిగాను. ముక్కలైతే మేం తీసుకోం అన్నారు. తాళ్ళు చూసిన ప్రతిసారీ పైన కూర్చున్న మా బావమరిదే కళ్ళముందు మెదిలాడు.

కోసేశాను. అన్నీ మూరెడు మూరెడు ముక్కలు చేశాను. వాటితో ఇంక ఎవరూ ఏమీ ఎక్కలేరు. మా ఆవిడ చూసి "అన్నీ కోసీసినారేటి?" అంది. ఆమె ఇప్పటికీ ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని ఆ షాపు గురించి నలుగురికీ చెప్తే సరిపోయేది కదా అంటుంది. పైనున్నది ఆమె సొంత తమ్ముడు, అయినా అదే మాట. లెక్కలు చూసేది ఆమె కాబట్టి ఆమె బాధ నాకు అర్థమవుతుంది. నేను మాత్రం మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా కోసేస్తాను. బిల్లూ, ఒక మూర ముక్కా దాచి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాం. ఏమవుతుందో చూడాలి.

మీరు అడిగిన మిగతా వాటికి జవాబులు చెప్తాను. పాత తాళ్ళతో ఈ నెల గడిపెయ్యొచ్చు కదా అన్నారు. గడువు తీరిందనే పక్కన పెట్టాం. ఆ రోజు మా వాడిని దించడానికి తప్పనిసరై వాడాం, రోజూ ఎక్కడానికి వాడం. క్రేన్ లిఫ్ట్ తెచ్చుకోమన్నారు. రోడ్డు వెడల్పున్న చోట తెస్తున్నాం, అద్దె ఎంతో ముందే చెప్తున్నాం. కంచరపాలెం సందుల్లోకి ఆ బండి రాదు. ఎంవీపీలో కూడా కరెంటు తీగలు అడ్డం ఉన్న చోట కుదరదు. కొబ్బరి మట్టలు దింపడం, నేల మీద నిలబడి పొడవాటి కర్ర రంపంతో తీసే కొమ్మలు, పడిపోయిన చెట్లు ముక్కలు చేయడం, ఇవన్నీ ఎప్పట్లాగే జరుగుతున్నాయి. కొబ్బరి ఎక్కే వాళ్ళ మోకులు వాళ్ళవే, వాళ్ళు చేసుకున్నవే.

కొంతమంది ఆగలేక వేరే టీముని పిలిచారు. మీ ఇల్లు, మీ భయం. నేను అడ్డు చెప్పలేను. కానీ లాసన్స్ బేలో ఒక ఇంట్లో వేపచెట్టు తల మొత్తం తీయించేశారని విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ చెట్టుని మేం ఏళ్ళుగా లోపలి కొమ్మలు పలచన చేస్తూ కాపాడుకొచ్చాం. తల నరికితే చెట్టు చిన్నదైందని అనుకుంటారు. నరికిన చోట గుత్తులుగా లేచే కొత్త కొమ్మలు బెరడు దగ్గర పైపైన మాత్రమే అతుక్కుని ఉంటాయి. కొన్నేళ్ళకి అవి బరువెక్కి, గాలికి ముందు అవే విరుగుతాయి. పెద్ద గాటులోంచి నీరు దిగి మాను పుచ్చిపోతుంది. దయచేసి నెల ఆలస్యమైనా సరే, తల నరికించకండి.

అక్టోబరు అంటే మీకెందుకు టెన్షనో నాకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి ఈ ఊరి చెట్లని ఏం చేసిందో మనం చూశాం. 2018లో తిత్లీ తుపాను కూడా అక్టోబరులోనే వచ్చి ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టింది. అందుకే ఈలోగా ఒక పని చేస్తున్నాం. ఎవరికి అనుమానం ఉన్నా నేను స్వయంగా వచ్చి కింద నుంచి చెట్టు చూసి వెళ్తాను. దానికి డబ్బు తీసుకోను. మీరూ చూడండి: మొదలు చుట్టూ మట్టి ఒకవైపు పగిలి పైకి లేచిందా, వేళ్ళ దగ్గర పుట్టగొడుగులు వచ్చాయా, రెండు పెద్ద కొమ్మలు చీలే చోట నెర్రె ఉందా, ఎండిన కొమ్మ వేరే కొమ్మకి చిక్కుకుని వేలాడుతోందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే ఫోన్ చేయండి, ఏదో ఒక దారి చూస్తాం. చెట్టు మొత్తం తీసెయ్యాలనుకునేవాళ్ళు ఈ ఖాళీలో 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతికి పెట్టుకోండి. అది లేకుండా చెట్టు కొట్టమని మమ్మల్ని అడగొద్దు.

కొత్త తాళ్ళు బెంగళూరు నుంచి వస్తున్నాయి. ఖరీదు ఎక్కువే, అయినా ముందే ఒప్పుకున్న పనులకి రేటు మారదు. కొత్తగా మాట్లాడే పనులకి కొంచెం పెరుగుతుంది, ఎంతో ముందే చెప్తాం. చుట్ట రాగానే చివర ఒక జానెడు కోసి, లోపలి టేపు చూసి, పోగులు నీళ్ళలో వేసి చూశాకే మా బావమరిది దాన్ని కట్టుకుంటాడు. ఆ జానెడు ముక్క వాడి సంచిలోనే ఉంటుంది. మీ ఇంటికి వచ్చినప్పుడు అడగండి, చూపిస్తాడు.

తాళ్ళు రాగానే మొదటి పని సీతమ్మధార అమ్మగారిదే, సగంలో ఆగిపోయింది కాబట్టి. తర్వాత డాబాల మీదా కరెంటు తీగల వైపూ కొమ్మలున్న ఇళ్ళు. ఏడాకుల పాల చెట్లకి పూత మొదలై ఆ వాసనకి ఆయాసం వస్తుందని తొందర పెడుతున్న వాళ్ళున్నారు. ఆ చెట్లు మరీ ఎత్తు లేకపోతే కింద నుంచే చేసేస్తాం, ఫొటో పంపండి. మిగతావాళ్ళకి పాత తేదీల వరసలోనే పిలుపు వస్తుంది, ఎవరి వంతూ పోదు. ఫోన్ మా ఆవిడ దగ్గరే ఉంటుంది. పొద్దున్న ఎనిమిది దాటాక చేస్తే మాట్లాడుతుంది, అంతకుముందు అమ్మాయి క్యారేజీ కట్టే హడావిడిలో ఉంటుంది.