మెడికల్ షాపులో గుసగుసలాడే పిల్లల గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో షుగరు, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు అన్నీ వస్తాయి గానీ సుఖవ్యాధుల గురించి, కండోము గురించి నేరుగా రాసింది ఈ మధ్య నా కంట పడలేదు. మాది నెల్లూరు, చెన్నై షోలింగనల్లూరులో మెడికల్ షాపు నడుపుతున్నాను. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉద్యోగాలకొచ్చిన మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు.

పోయిన నెల ఒక రాత్రి ఓ అబ్బాయి వచ్చి, షాపులో ఉన్న ఇద్దరూ వెళ్లేదాకా దగ్గు మందులు చూస్తున్నట్టు నిలబడి, అప్పుడు మెల్లగా "అన్నా, మూత్రం పోస్తుంటే మంట, చీములా వస్తోంది, ఏదైనా యాంటీబయాటిక్ ఇవ్వవా" అన్నాడు. ఫ్రెండు చెప్పిన మాత్ర రెండు రోజులు వేసుకుని అప్పటికే ఆపేశాడట. డాక్టరుకు చూపించుకోమన్నాను, ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఇంకో షాపులో కొనుక్కునే ఉంటాడు, అదే నా బాధ.

ఆ లక్షణాలు గనేరియా అనే సుఖవ్యాధిలో ఉంటాయి, ఆ క్రిమి మహా మొండిది. సల్ఫా మందులను, పెన్సిలిన్‌ను, టెట్రాసైక్లిన్‌ను, సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఒకదాని తర్వాత ఒకటి తట్టుకోవడం నేర్చింది, ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ మీదే ఆధారపడుతున్నారు. అరకొరగా మందు వాడితే చావకుండా మిగిలేవి దాన్ని తట్టుకున్న క్రిములే, అవే పెరిగి ఇంకొకరికి అంటుకుంటాయి. పరిణామం అని బడిలో చదివి వదిలేసింది ఇదే, మన ఒంట్లోనే జరుగుతోంది.

కోరిక తప్పు అని పిల్లలకు చెప్పి లాభం లేదు. ఆడ చింపాంజీకి ఎదకొస్తే వెనకభాగం ఉబ్బి అందరికీ తెలుస్తుంది, మనిషికి అండం విడుదలయ్యే రోజు పైకి కనబడదు, కోరిక మాత్రం నెలంతా ఉంటుంది. గర్భం రాదనుకునే "సేఫ్ రోజులు" లెక్కపెట్టుకున్నవాళ్లు దెబ్బతినేదీ అందుకే.

మొన్న ఒకమ్మాయి 72 గంటల మాత్ర అడుగుతూ "ఇది వేసుకుంటే రోగాలు కూడా రావు కదన్నా" అంది. రావని ఎవరు చెప్పారో! అది గర్భం రాకుండా ఆపడానికే, అదీ ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. రోగాలకు అడ్డు కండోమే. దాన్ని నెలల తరబడి పర్సులో పెట్టుకుని తిరిగితే వేడికి, ఒత్తిడికి పాడవుతుంది. కొబ్బరినూనె రాస్తే కండోములోని లేటెక్స్ రబ్బరు బలహీనపడి చిరుగుతుంది, నీళ్లతో చేసిన జెల్లీ వాడాలి. ఇవి ఏ ప్యాకెట్టు మీదో చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటే ఎవరు చదువుతారు?

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట కనుక్కున్నది ఈ చెన్నైలో తీసిన రక్త నమూనాల్లోనే, 1986లో, డాక్టర్ సునీతి సాలమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల కలిసి. ఇన్నేళ్లయినా ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష ఉచితమనీ, వివరాలు బయటపెట్టరనీ, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అడగొచ్చనీ మన పిల్లల్లో చాలామందికి తెలియదు. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగిందనిపిస్తే 72 గంటల్లోపు డాక్టరును కలిసి మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఆ మూడు రోజులూ సిగ్గుతోనే గడిచిపోతున్నాయి.

వారానికి ఒక చిన్న కాలమ్ ఇవ్వండి, పేర్లు లేకుండా ప్రశ్నలు తీసుకుని డాక్టరుతో జవాబులు రాయించండి. ఆ పేజీని నేను కౌంటరు మీద పైకి కనబడేలా పెడతాను.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని, చెన్నై