లోడు ఎక్కించి కొలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో పికప్ ట్రక్కుకూ స్పోర్ట్స్ కారుకూ పోలిక పెట్టి రాసిన వ్యాసాన్ని మా మేనల్లుడు నాకు చదివి వినిపించాడు. నర్సంపేటలో ఇరవై రెండేళ్లుగా ట్రాలీ, అంటే సరుకులు మోసే పికప్ బండి నడుపుతున్నాను. మిర్చి సీజనంతా వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు కిరాయిలు. తతిమ్మా రోజుల్లో పత్తి, ఇటుక, పెళ్లి సామాను, ఏది దొరికితే అది. ఆ వ్యాసం విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

అందులో సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లన్నదే ప్రధానమైన లెక్క. ఆ తర్వాత ధరను హార్స్‌పవర్‌తో భాగించి, ఏది కొంటే లాభమో తేల్చేశారు. పరీక్షించిన పికప్ మాత్రం ఖాళీది. మెడ మీద కాడి పెట్టకుండా ఎద్దును ఎవరైనా బేరం చేస్తారా అండీ?

మేనల్లుడు ఆ రోజే ఫోన్‌లో ఒక వీడియో కూడా చూపించాడు. "మామా, సూడు, ట్రక్కు కారును గుంజుకపోతాంది!" అన్నాడు. 2023 నవంబర్‌లో టెస్లా వాళ్లు సైబర్‌ట్రక్ అనే తమ కరెంటు పికప్ వెనకాల ఒక పోర్షే 911 స్పోర్ట్స్ కారును కట్టి, పక్కన ఇంకో 911తో పందెం పెట్టి గెలిపించిన వీడియో అది. పావు మైలు పందెం అని చెప్పారు గానీ, పరుగు అందులో సగం, అంటే రెండు వందల మీటర్లేనని తర్వాత ఆటో విలేకరులు లెక్క తీశారు. చూడటానికి బాగానే ఉంది. రెండు వందల మీటర్ల పందెంలో గెలిచిన బండి మార్చి నెలలో కల్లం దగ్గరికి వచ్చి సరుకు తీసుకపోతుందా అన్నది నా ప్రశ్న.

మా దగ్గర గుంజుడు వేరు, ఉరుకుడు వేరు. మన దేశంలో దొరికే టొయోటా హైలక్స్ ఆటోమేటిక్ పికప్‌కు 2.8 లీటర్ల డీజిల్ ఇంజను. దాని టార్క్, అంటే ఇంజను గుంజుడు బలం, 500 న్యూటన్ మీటర్లు. 2024లో మన దేశంలో దాదాపు రెండు కోట్లు పలికిన పోర్షే 911 కరేరాది 450. గుంజుడులో ట్రక్కుదే పైచేయి! అయినా హార్స్‌పవర్ ట్రక్కుకు 204, కారుకు 394. ఎందుకంటే డీజిల్ ఇంజను పూర్తి హార్స్‌పవర్ నిమిషానికి మూడు వేల చిల్లర చుట్ల దగ్గరే వస్తుంది, కారు ఇంజనుది ఆరు వేలు దాటాక వస్తుంది. గుంజుడును చుట్లతో హెచ్చిస్తే వచ్చేదే హార్స్‌పవర్. డెబ్బై అయిదు కిలోలను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తితే ఒక హార్స్‌పవర్ అంటారు. మా లెక్కలో రెండు మిర్చి బస్తాలకు కొంచెం తక్కువ. మాకు కావాల్సిన గుంజుడు మొదటి గేరులో, క్లచ్ ప్లేటు కాలకుండా రావాలి. ఆ మాట మీ పట్టికలో ఎక్కడా లేదు.

ఒక ఏడు మార్చిలో చెడగొట్టు వాన పడ్డ మరునాడు దుగ్గొండి అవతల ఒక కల్లానికి పోయాను. మొరం బాట మీద పైపైన జారుడు మన్ను. చిన్న ఎత్తు ఎక్కేకాడ ఖాళీ బండి వెనక టైర్లు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. రైతు, ఆయన కొడుకు, ఇద్దరు కూలీలు వెనక నుంచి నూకితే గానీ ఎక్కలేదు. నలభై బస్తాలు వేసుకుని తిరిగొచ్చేటప్పుడు అంతే జారుడున్న ఇంకో ఎత్తు వచ్చింది. అక్కడ బండి మొదటి గేరులో చప్పుడు లేకుండా ఎక్కింది. ఇంజను ముందు, గుంజే చక్రాలు వెనక; లోడు పడితేనే ఆ చక్రాలకు పట్టు దొరుకుతుంది. 911లో ఇంజనును వెనక చక్రాలకూ వెనకాల పెట్టారు కాబట్టి దానికి ఆ పట్టు ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి తెలిశాక ఆ కారు మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక విలువ. నర్సంపేట నుంచి ఎనుమాములకు సుమారు నలభై కిలోమీటర్లు. లోడుతో నా బండికి నాలుగు లీటర్ల డీజిల్ పడుతుంది. నలభై బస్తాలంటే పదహారు క్వింటాళ్లు, అంటే క్వింటాకు పావు లీటరు. కంపెనీ లెక్క ప్రకారం 911 కూడా వంద కిలోమీటర్లకు సుమారు పది లీటర్లు తాగుతుంది. అదే దూరానికి అదే నాలుగు లీటర్లు పోసుకుని ఇద్దరు మనుషులను హాయిగా తీసుకపోతుంది. అది తప్పని నేను అనను, దాని పని అదే. కానీ రెండింటికీ ఒకే కొలకర్ర పెట్టడం న్యాయం కాదు.

కారు దగ్గర మేం నేర్చుకోవాల్సింది బ్రేకు. ఒకసారి తెల్లవారుజామున గిర్నిబావి దగ్గర మేకల మంద అడ్డం వచ్చింది. అరవైలో ఉన్నాను, వెనక పదహారు క్వింటాళ్లు. పెడల్‌ను అడుగుకు తొక్కిపట్టినా బండి పోతూనే ఉంది. తాటిపత్రి తాళ్లు కిర్రుమన్నాయి, పై వరుస బస్తాలు క్యాబిన్ మీదికి ఒరిగాయి. ఆఖరి మేకకు రెండు మూరల దూరంలో ఆగింది. ఆ కాపరి ముఖం ఇప్పటికీ నా కండ్ల ముందే ఉంది. బండి ఎంత బరువో లోడు దాదాపు అంతే. అప్పుడు ఆపాల్సిన శక్తి రెట్టింపు అవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగింతలు. మిర్చి తేలిక సరుకు కాబట్టి బస్తాలు ఎత్తుగా పేర్చాలి, మలుపులో బండి ఒరుగుతుంది. పికప్ కొనే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పాలి. షోరూంలో చెప్పేవాళ్లు నాకైతే తగల్లేదు. మీ పేజీ చెప్పవచ్చు.

అందుకే నా విన్నపం. ఈసారి పికప్ గురించి రాసేటప్పుడు, కంపెనీ ఒప్పుకున్నంత లోడు ఎక్కించి, అరవై మీద బ్రేకు వేసి ఎన్ని మీటర్లకు ఆగిందో అచ్చు వేయండి. క్వింటాకు ఎంత డీజిల్ అయిందో రాయండి. ఫిబ్రవరిలో మార్కెట్‌కు చపాటా, తేజ రకాల మిర్చి కుప్పలుగా వస్తుంది. మీ విలేకరిని అప్పుడు పంపండి. బస్తాలు, తాళ్లు, తాటిపత్రి నేను తెస్తాను. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాలి.

ఇట్లు,
ఒక ట్రాలీ డ్రైవరు,
నర్సంపేట, వరంగల్ జిల్లా