కలెక్టర్ గారూ, లింకులు కాదు, పిల్లలకు చేసే ఫోన్లు లెక్కపెట్టండి

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు.

పత్తి తీత ముగిసి డిసెంబరు వచ్చిందంటే మన జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడుబూరు పక్క, వీధులకు వీధులే తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయే అమ్మానాన్నల వెంట కొందరు పిల్లలు పోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర మిగిలిపోతారు. వాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. మూటలు కట్టేలోపే అవి తెరుచుకోవాలన్నది వేరే విన్నపం, అది మరోసారి. హాస్టలుకు రాని పిల్లలకు చేతిలో ఫోను, ఇంటి దగ్గరి చదువే దిక్కు. ఎండలకో వానలకో రోగానికో బడులు మూసినప్పుడు అందరిదీ అదే గతి. ఆ చదువు ఎక్కడ తెగిపోతోందో, మీ స్థాయిలో ఏం చేయవచ్చో చెప్పడానికే ఈ ఉత్తరం.

2020 మార్చిలో బడులు మూతపడ్డాక సప్తగిరి ఛానల్‌లో పాఠాలు వచ్చాయి, దీక్ష యాప్ ఉంది, వాట్సాప్ గ్రూపుల నిండా లింకులు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు కూడా అందాయి. పాఠాలకు ఏనాడూ కొదవ లేదు. పిల్లాడు చేసింది చూసే మనిషికే కొదవ. నోటుబుక్కు పేజీని ఫొటో తీసి పంపుతాడు. కింద రెండు నీలం టిక్కులు పడతాయి, అంతటితో సరి. రెండోసారీ అంతే. మూడోసారి పంపడు. ఇంట్లోవాళ్లు దాన్ని సోమరితనం అంటారు. చేసింది ఎవరికీ పట్టదని తెలిశాక పెద్దవాళ్లయినా ఎన్నాళ్లు చేస్తారు?

అందుకే మేము అడిగేది ఒకటే: తరగతి టీచరు ప్రతి పిల్లాడికీ వారానికొకసారి ఆరు నిమిషాల ఫోన్ చేయాలి. తరగతిలో 36 మంది ఉంటే సాయంత్రానికి ఆరుగురు, ఆరు సాయంత్రాల్లో అందరూ అయిపోతారు. అంటే రోజుకు నలభై నిమిషాల లోపే. సుగ్గి కాలంలో బడి నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఊరు విడిచిన పిల్లలకు చేస్తే చాలు. పని వేళ దాటాక చేసే పని కనుక దాన్ని డ్యూటీగా రాసుకోనివ్వాలి, లేకపోతే రెండో వారానికే ఆగిపోతుంది.

వేళ ముఖ్యం. ఇంటికి ఉన్న ఒక్క ఫోనూ పొద్దున నాన్న జేబులో పోతుంది, రాత్రి ఏడుకు గానీ తిరిగి రాదు. పది గంటలకు పెట్టే లైవ్ క్లాసు ఈ ఇళ్లకు అందదు. ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య చేస్తే ఎత్తుతారు. కొత్త నంబరైతే లోను వసూలు వాళ్లనుకుని కట్ చేస్తారు. బడికొక కీప్యాడ్ ఫోను, ఒక సిమ్ ఇచ్చి, ఆ నంబరును పిల్లల పుస్తకాల అట్ట మీద ముందే రాయిస్తే ఆ చిక్కు పోతుంది, టీచర్ల సొంత నంబర్లు ఊరంతా తిరిగే బాధా తప్పుతుంది.

ఆ ఆరు నిమిషాలు ఏం మాట్లాడాలన్నది ఇంకా ముఖ్యం. ‘బాగా చదువుతున్నావా?’ అంటే ‘ఆఁ సార్’ తప్ప ఇంకో జవాబు రాదు. మొదటి నిమిషంలో చదువు మాటే వద్దు: ఈ పూట ఏం తిన్నావు, ఎవరితో ఆడుకున్నావు, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు. తర్వాత పుస్తకం తెరిచి నాలుగు వరుసలు పైకి చదవమనాలి, ఒక లెక్క ఫోన్లోనే చేయించాలి. మెచ్చుకునేటప్పుడు ఉత్త ‘వెరీ గుడ్’ పనికిరాదు. ‘తీసివేతలో అప్పు తెచ్చుకున్నాక పక్క అంకెలో ఒకటి తగ్గించడం ఈసారి మరవలేదే’ అంటే తన కాగితం నిజంగా చూశారని పిల్లకు తెలుస్తుంది. చివర్న వచ్చే వారానికి ఒకే పని, అదీ తాను ఒప్పుకున్నది.

ఆడపిల్లలకు చేసినప్పుడు ఫోను స్పీకర్లో ఉంటుంది, చుట్టూ నలుగురుంటారు. మనసులో మాట అక్కడ బయటికి రాదు. ‘అవును, కాదు’తో సరిపోయే ప్రశ్నలు వేయాలి: పనికి పోతున్నావా, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా, మళ్లీ ఒకసారి చేయమంటావా. అలాగని ఫోన్ ఎత్తగానే తల్లిదండ్రులను ‘పిల్లను కూలికి పంపుతున్నారా’ అని నిలదీస్తే ఆ నంబరు ఇంక కలవదు. అనుమానం వస్తే దాన్ని వేరే దారిలో, అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ సిబ్బందికో, పిల్లల సహాయ నంబరు 1098కో చెప్పాలి. టీచరు ఫోను టీచరు ఫోనుగానే ఉండాలి.

ఇక పని సరుకు. వీడియోల కంటే కాగితాలు నయం. వారానికి నాలుగు కాగితాలు, రెండు వైపులా అచ్చు, ఆరు వారాలకు ఒక కట్ట. ప్రతి వారం మొదటి మూడు లెక్కలు కిందటి తరగతివే ఉండాలి. పక్కన చెప్పేవాళ్లు లేనప్పుడు మొదటి లెక్క దగ్గరే చిక్కుకుంటే పుస్తకం మూతపడుతుంది, ఆ రోజుకు మళ్లీ తెరుచుకోదు. చివరి రెండింటిలో ఏది చేయాలో పిల్లాడే ఎంచుకోవాలి: ఆదోని యార్డులో ఐదు రోజుల పత్తి ధరలకు గ్రాఫ్ గీయడమో, పత్తికొండ టమాటా బాక్సుల కమీషన్ లెక్కగట్టడమో. పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిషు, ఎదుటి పక్క తెలుగు ఉన్నాయి కాబట్టి పాఠం మళ్లీ అచ్చేయనక్కర్లేదు, పేజీ నంబరు చాలు. వివరణకు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడితే ఒక ఎంబీ కూడా కాదు, సిగ్నల్ కోసం మిద్దె ఎక్కకుండానే దిగుతుంది. నలభై నిమిషాల వీడియోకు ఎర్రటి ఎండలో మిద్దె మీద నిలబడాలి. కౌతాళం పక్క ఇళ్లలో కన్నడం, ఆదోనిలో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామందే. ఆ వాయిస్ వాళ్ల మాటలో ఉంటే ఇంట్లో అవ్వ కూడా వింటుంది. కట్టలు చేర్చడానికి కొత్త ఏర్పాటు అక్కర్లేదు. 2020లో మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు చేరిన దారి మనకు తెలిసిందే. ఇప్పుడు గ్రామ, వార్డు సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులున్నారు, కట్టలు వాళ్ల చేత పంపవచ్చు.

పట్టణంలో సంగతి తిరగబడి ఉంటుంది. అక్కడ క్లాసులు ఎక్కువై పిల్లలు అలిసిపోతారు. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు ఆన్‌లైన్ క్లాసులు మించకూడదు, తొమ్మిది నుంచి పన్నెండుకు నాలుగు. ఒక్కొక్కటి 30 నుంచి 45 నిమిషాలు. బడులు మూసిన రోజుల్లో ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుందని మీ ఉత్తర్వులో ఒక్క వాక్యం రాయించండి. నిద్ర మాట ఎవరూ ఎత్తరు గానీ, ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, ఆపై వయసు వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. పదో తరగతి పిల్లాడు దుప్పటి కింద రీల్స్ చూస్తూ ఒంటిగంట దాకా మేలుకుంటే పొద్దున ఏ టీచరు ఏం చెప్పినా తలకెక్కదు.

గ్రూపుల్లో ‘పని పంపనివారు’ అంటూ పేర్ల జాబితా పెట్టడం వెంటనే ఆపించండి. ఆ పేర్లు ఊరంతా చూస్తుంది. తర్వాత ఆ పిల్లాడు గ్రూపే తెరవడు. ‘చదివితే ఫోన్ ఇస్తా’ అన్న బేరమూ అంతే. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో చేసిన ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లకు ఆటవేళలో ఆ పిల్లలే మిగతావాళ్లకన్నా తక్కువ గీశారు. ముందు చెప్పకుండా చివర్లో చేతిలో పెట్టినవాళ్లకు ఆ ఇష్టం తగ్గలేదు. బహుమతులు వద్దనడం లేదు, బేరం పెట్టొద్దంటున్నాం.

రెండు వారాలకు మించి తిండి, నిద్ర మారినా, ఆడుకునే నేస్తాలను వదిలేసినా, పొద్దున్నే కడుపునొప్పి తలనొప్పి అంటున్నా, చిన్నమాటకే చేయిచేసుకుంటున్నా అది చదువు ఎగ్గొట్టే నాటకమని కొట్టిపారేయకూడదు. ఈడొచ్చిన పిల్లల్లో దిగులు ఎక్కువగా కోపం రూపంలోనే బయటపడుతుంది. చచ్చిపోతానన్న మాట ఏ రూపంలో వచ్చినా అదే రోజు ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడాలి, పిల్లను ఒంటరిగా వదలొద్దని చెప్పాలి, పురుగుమందు డబ్బాలు తాళంలో పెట్టించాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇవన్నీ టీచర్లకు ఒక పూట శిక్షణలో చెప్పవచ్చు, పవర్‌పాయింట్ లేకుండా, ఫోన్ సంభాషణ ఇద్దరిద్దరు చేసి చూపిస్తూ.

పోయిన చోట బడిలో చేరగలిగితే ఇంకా మేలు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. గుంటూరు, పల్నాడు కలెక్టర్లకు మీ నుంచి ఒక లేఖ పోతే అక్కడి హెడ్‌మాస్టర్లు తిప్పి పంపరు.

ఒక్కటి మాత్రం దయచేసి చేయకండి. దీనికోసం ఇంకో యాప్ పెట్టకండి. ఫొటోలు ఎక్కించడంతోనే టీచర్ల పొద్దు గడిచిపోతోంది. ఒక నోటుబుక్కు, నాలుగు గళ్లు: పేరు, తేదీ, పిల్లాడు చెప్పింది ఒక ముక్క, వచ్చే వారం పని. ఎంఈఓ (మండల విద్యాధికారి) నెలకొకసారి వచ్చి, ఏవైనా ఐదు పేర్లు ఎంచుకుని, ఆ ఇళ్లకు తానే ఫోన్ చేసి చూసుకుంటే చాలు.

మొదట కోసిగి, మంత్రాలయం రెండు మండలాల్లో చూడండి. నవంబరు మొదటివారంలో సుగ్గికి పోయే ఇళ్ల నంబర్లు తీసుకోవడం, మూడోవారంలో సిమ్‌లు, నెలాఖరుకు కాగితాల కట్టలు. డిసెంబరులో ఊరు కదిలాక నంబర్లు దొరకవు.

ఇట్లు,
కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల ఉపాధ్యాయులు, కౌన్సెలర్లు