పేజీలు విడదీసి అమ్మను. ధరల్లో మార్పులు ఇవీ

మన షాపులో పాత కామిక్ స్ట్రిప్ పేపర్‌బ్యాక్‌లు కొనేవాళ్లందరికీ నమస్కారం. మైలాపూర్‌లో ఒక ఇల్లు ఖాళీ చేస్తూ కబురు పెడితే వెళ్లి పెద్ద లాటే తెచ్చాను. పోగో, డూన్స్‌బరీ, విజర్డ్ ఆఫ్ ఇడ్ అనే అమెరికన్ స్ట్రిప్‌లు, వాటి మధ్య మన ఆర్.కె. లక్ష్మణ్ ‘యూ సెడ్ ఇట్’ సంపుటాలు. ఫొటోలు పెట్టగానే ఒక కెఫే వాళ్లు ఫోన్ చేశారు. వాళ్లకు పుస్తకాలు అక్కర్లేదు. పేజీలు కోసి ఇస్తే ఫ్రేములు కట్టించి గోడలకు పెట్టుకుంటారట. వాళ్లు చెప్పిన రేటు చూస్తే ఒక్కో పుస్తకానికి నేను అడిగేదానికి ఎన్నో రెట్లు వస్తుంది. అద్దె పెరిగిన ఈ టైములో అది నాకు చిన్న మొత్తం కాదు. అయినా కుదరదన్నాను. ఎందుకు వదులుకున్నారని మీలో కొందరు అడిగారు, అందుకే ఇది రాస్తున్నాను.

1953లో వాల్ట్ కెల్లీ తన పోగోలో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి జనాన్ని వేటాడిన అమెరికన్ సెనేటర్ జోసెఫ్ మెకార్తీ పోలికలతో సింపుల్ జె. మలార్కీ అనే అడవిపిల్లిని దింపాడు. మెకార్తీ పేరెత్తడానికే పెద్దపెద్దవాళ్లు జంకే రోజులవి. ఆ ముఖం మళ్లీ కనిపిస్తే స్ట్రిప్ ఆపేస్తామని అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో ఒక పత్రిక హెచ్చరించింది. కెల్లీ మలార్కీని తీసెయ్యలేదు, తలకు సంచీ తొడిగాడు. ఆ సంచీ ఉన్న పేజీ ఒక్కటే గోడకు తగిలిస్తే చూసినవాళ్లకు ఏం అర్థమవుతుంది? ముందు నడిచిన కథంతా చేతిలో ఉండాలి.

డూన్స్‌బరీ 1970లో మొదలైంది. 1975లో దాన్ని గీసే గ్యారీ ట్రూడోకి, అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతి అయిన పులిట్జర్ వచ్చింది. ఎడిటోరియల్ కార్టూన్ల విభాగంలో ఒక కామిక్ స్ట్రిప్‌కి అది రావడం అదే మొదటిసారి. 1973లో, అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ని కుదిపిన వాటర్‌గేట్ కుంభకోణం నడుస్తుండగా, నిక్సన్ మనిషి జాన్ మిచెల్ సంగతి కోర్టు ఇంకా తేల్చకముందే, అందులోని ఒక పాత్ర ఆయన్ని దోషి అనేస్తుంది. వాటర్‌గేట్‌ను తవ్వి తీసిన వాషింగ్టన్ పోస్టే ఆ రోజు స్ట్రిప్ వెయ్యలేదు. పుస్తకంలో మాత్రం అది ఉంది. పత్రిక పాఠకులకు అందనిది పేపర్‌బ్యాక్ కొన్నవాళ్లకు అందింది. నేను వీటి వెంట పడడానికి అసలు కారణం అదే.

ఈ లాట్‌లోని ఒక డూన్స్‌బరీలో పాత యజమాని పేర్ల పక్కన పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నారు: ‘మిచెల్ – మాజీ అటార్నీ జనరల్’, ‘హాల్డెమన్ – నిక్సన్ చీఫ్ ఆఫ్ స్టాఫ్’. చిన్న అక్షరాలు, గడి అంచు దాటకుండా. దయచేసి వాటిని చెరిపి ఇవ్వమనకండి. చవక కాగితం, రబ్బరు రాస్తే పొట్టు లేస్తుంది. నాకైతే ఆ రాతల వల్లే ఆ కాపీ విలువ పెరిగింది.

ఇక ధరలు. వెన్ను గట్టిగా ఉన్న కాపీల ధర పెంచుతున్నాను. అద్దె అక్కడి నుంచే రావాలి. అట్ట నలిగినా, పేజీలు ఊడినా, అన్ని పేజీలూ ఉన్నవాటికి తగ్గిస్తున్నాను. చదవాలనుకునేవాళ్లు అవే తీసుకోండి. వీటికి కుట్టు ఉండదు, గమ్ము బైండింగే. పూర్తిగా విప్పి బల్ల మీద అదిమితే వెన్ను విరిగిపోతుంది. ఊడిన పేజీకి సెల్లోటేపు మాత్రం వెయ్యకండి. కొన్నాళ్లకు అది పసుపు మరకై అక్షరాల్లోకి దిగుతుంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నై వానల్లో పార్సిళ్లు పంపను. డబ్బు కట్టినవాళ్ల పుస్తకాలు విడిగా కట్టి పేరు రాసి ఉంచుతాను. లక్ష్మణ్ సంపుటాలు ఉన్నవి కొన్నే, ముందు అడిగినవాళ్లకు ముందు ఇస్తాను. ఏ కాపీలో ఏ పేజీ వదులుగా ఉందో ఫొటో తీసి పంపి, మీరు సరేనన్నాకే డబ్బు తీసుకుంటాను.