లో మెడికల్ అంటే ఉద్యోగం పోయినట్టు కాదమ్మా

షార్జా,
ఆదివారం రాత్రి

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఈ ఉత్తరం నా పక్క మంచం కుర్రాడి చేతికిచ్చి పంపుతున్నా. రాయచోటి వైపు వాడు. సెలవు మీద వస్తున్నాడు, బెంగళూరులోనే దిగుతాడు. ఈజీపురా దాకా వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. వాడికి అన్నం పెట్టి పంపించు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఈ మాట ఫోన్‌లో ఎత్తితే నువ్వు ఏడుపు మొదలుపెడతావు, శీనుగాడేమో "సిగ్నల్ లేదన్నా" అని పెట్టేస్తాడు. కాగితమైతే ఇద్దరూ చివరిదాకా చదవక తప్పదు. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు. వెనక సగం శీనుకి రాశా, అదీ చదువు. ఇన్నేళ్లు నీ దగ్గర దాచింది చాలు.

మొన్న శుక్రవారం శీను గురించి నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడురా. డాక్టరు దగ్గరికి పొమ్మంటే, పోతే లో మెడికల్ చేసేస్తారమ్మా అంటున్నాడు. లో మెడికల్ అంటే ఉద్యోగం తీసేస్తారా?" అని అడిగావు. నేను డ్యూటీలో ఉన్నా, ఏదో చెప్పి పెట్టేశా. ఇప్పుడు సరిగ్గా చెప్తా.

తీసెయ్యరు. మన చిన్నప్పుడు కర్రెద్దు కాలు కుంటితే నాన్న ఏం చేశాడు? అరకకు కట్టడం మానేసి నీళ్ల బండికి కట్టాడు. అమ్మెయ్యమని ఎంతమంది చెప్పినా అమ్మలేదు. మిలటరీలో లో మెడికల్ అంటే అచ్చం అంతే. ఒంట్లో లోపం ఉందని రాసుకుని, ఏ బండికి కట్టాలో తేల్చుకోవడం.

మిలటరీలో ప్రతి మనిషి ఒంటికీ ఐదు అక్షరాల లెక్క ఉంటుంది, షేప్ అంటారు. ఎస్ అంటే మనసు, హెచ్ చెవులు, ఏ అంటే కాళ్లూ చేతులూ, పీ అంటే గుండె, బీపీ, షుగరు, మొత్తం ఒంటి సత్తువ. ఆఖరి ఈ అంటే కళ్లు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. బడిలో మార్కుల్లా కాదు, ఇక్కడ 1 అంటేనే గొప్ప. ఐదింటికీ 1 ఉంటే షేప్ వన్, సియాచిన్ మంచుకైనా రాజస్థాన్ ఇసుకకైనా పంపొచ్చు. 2 అంటే దాదాపు అన్ని పనులూ చేస్తాడు, బాగా ఒళ్లు హూనమయ్యేవి, మరీ ఎత్తైన కొండలు తప్పిస్తారు. 3 అంటే కూర్చుని చేసే పనులు, తేలిక పనులు. 4 అంటే ప్రస్తుతానికి ఆస్పత్రిలోనో సిక్ లీవులోనో ఉన్నాడని. 5 వేస్తేనే ఇక ఫౌజుకి పనికిరాడని అర్థం. నువ్వు భయపడేది ఆ 5 గురించి. మోకాలు నొప్పితో గోడ పట్టుకునేవాడికి నేరుగా 5 వెయ్యడం నా 24 ఏళ్ల సర్వీసులో ఎక్కడా చూడలేదు.

పైగా ఆ అంకె మొదటిసారే శిలాశాసనం కాదు. ముందు టెంపరరీ అని ఇస్తారు, 12 వారాలో 24 వారాలో. గడువు అయ్యాక మళ్లీ డాక్టర్ల బోర్డు కూర్చుంటుంది, రీక్యాట్ అంటాం. తగ్గితే మళ్లీ 1కి తెస్తారు. ఎంతకీ తగ్గకపోతే పర్మనెంట్ చేస్తారు, అప్పుడు కూడా రెండేళ్లకోసారి చూస్తారు. పర్మనెంట్ లో మెడికల్ అయినవాణ్ని కూడా కమాండింగ్ ఆఫీసర్ తనకు తోచినట్టు ఇంటికి పంపడానికి లేదు. నాయబ్ సుబేదార్ రాజ్‌పాల్ సింగ్ అనే ఆయన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ఒంటి కారణంతో పంపాలంటే అందుకోసమే ఇన్వాలిడింగ్ బోర్డు, అంటే పనికిరాడని తేల్చే డాక్టర్ల బోర్డు, కూర్చోవాలి, అది లేకుండా చేసిన డిశ్చార్జి చెల్లదని అప్పటి రూలు ప్రకారం చెప్పింది. తర్వాత ఆ రూలు కొంత మార్చారు, అయినా మెడికల్ బోర్డు లేకుండా పంపరు. కాబట్టి నువ్వు హలసూరు సోమేశ్వరుడికి మొక్కుకుంటే మోకాలు కోసం మొక్కుకో, ఉద్యోగం కోసం కాదు.

అంకె కింద ఇంకో లెక్క కూడా రాస్తారమ్మా, కోప్ అని. ఏ వాతావరణానికి, ఎంత ఎత్తుకు పంపకూడదు, ఎన్నాళ్లకోసారి డాక్టరుకు చూపించాలి, ఏ పనులు చేయించకూడదు, ఇంకేమైనా ప్రత్యేకంగా వద్దా, ఇవన్నీ అందులో ఉంటాయి. పరిగెత్తించొద్దు, బరువు మోయించొద్దు అని డాక్టరు రాస్తే అది నీ కోడలి మాట కాదు, ఉస్తాదులైనా సుబేదార్ సాబ్ అయినా వినాల్సిందే. శీను ఇప్పుడు రోజూ రిక్రూట్ పిల్లల్ని రోప్ ఎక్కిస్తున్నాడు. లో మెడికల్ క్యాటగిరీ వస్తే స్టోరులోనో ఆఫీసులోనో కూర్చోబెడతారు. జీతం ఆగదు, రేషనూ ఆగదు.

ఇప్పుడు ఈ కాగితం వాడికి ఇవ్వమని నీ కోడలు లక్ష్మికి చెప్పు. నువ్వు చదివినా సరే.

ఒరేయ్ శీనూ,

అమ్మకి చెప్పిందంతా నీకు తెలిసిందే. నీ భయం వేరు, అదీ నాకు తెలుసు. వచ్చే నెల హవల్దార్ క్యాడర్, నీ ప్రమోషన్ కోర్సు. ఈ టైములో డాక్టరు చూసే ఎంఐ రూమ్ మెట్లెక్కితే ఏ త్రీ, అంటే కాళ్లూ చేతుల అక్షరానికి 3 వేస్తారు, పక్కన కాలు అని తెలిసేలా ఎల్ రాస్తారు, క్యాడర్‌కి పేరు పోదు, నీ వెనక చేరినవాడు నీకంటే ముందు హవల్దార్ అవుతాడు. ఇదేగా?

ఈ భయం ఉత్తదేనని నేను అబద్ధం చెప్పను. టెంపరరీలో ఉన్నన్నాళ్లు చాలా ఆగిపోతాయి. ప్రమోషను, కోర్సు, ఎక్స్‌టెన్షన్, విదేశీ మిషను, అన్నిటికీ ముందు అడిగేది క్యాటగిరీయే. పర్మనెంట్ అయ్యాక రూల్స్ కొంత సర్దుకుంటాయి, అయినా షేప్ వన్ వాడితో సమానంగా చూస్తారని నేను రాసివ్వలేను. ఉపన్యాసాల్లో ఇయాన్ కార్డోజో గారి కథ చెప్తారు, 1971 యుద్ధంలో నలిగిన కాలు తనే నరుక్కుని, తర్వాత చెక్క కాలితో బెటాలియన్ని కమాండ్ చేసిన మనిషి. నిజమే, వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ యుద్ధంలో గాయపడ్డవాళ్లకి ఉండే వెసులుబాటు వేరు, పొద్దున పీటీలో రోప్ మీంచి జారిన నీలాంటి నాయక్‌కి ఉండే రూల్ వేరు. ఆ కథ చెప్పి నిన్ను ఒప్పించాలని నాకు లేదు. నా కథ చెప్తా.

2006లో నాది కూడా నీ సీనే. సాయంత్రం గేమ్స్ పరేడ్‌లో వాలీబాల్. నెట్ దగ్గర ఎగిరి దిగినప్పుడు ఎడమ మోకాల్లోంచి టప్పున శబ్దం వచ్చింది. పచ్చి కందికాయ విరిచినట్టు. పక్కవాడికి కూడా వినిపించింది. రాత్రికి మోకాలు కొబ్బరిబోండం అంత అయింది. క్యాడర్‌కి ఇరవై రోజులుంది. సిక్ రిపోర్ట్ చెయ్యలేదు. సీనియర్ ఒకడు, మంచివాడే, "ఇప్పుడు పోతే రెండేళ్లు వెనక్కి పోతావు, క్రేప్ కట్టుకుని లాగించెయ్" అన్నాడు. బజార్లో క్రేప్ బ్యాండేజీ కొన్నా. లంగర్‌లో వంటవాడిని బతిమాలి ఉప్పు కాపడం పెట్టించుకున్నా. క్యాడర్ పాసయ్యా. తర్వాత హవల్దార్ అయ్యా కూడా. నువ్వు ఆరోజు స్వీట్లు పంచావు గుర్తుందా, ఇంటర్ చదువుతున్నావు.

2011లో కొండల మీద పోస్టింగ్. తొమ్మిది వేల అడుగులు దాటితే అలవాటు పడటానికి మొదట ఆరు రోజులు ఆపుతారుగా, ఆ ఆరు రోజుల్లోనే, నాలుగో రోజు దిగుడులో మోకాలు లాక్ అయిపోయింది. కూర్చున్నచోటి నుంచి లేవలేకపోయా. ఇద్దరు పట్టుకుని దించారు. స్కానింగులో లిగమెంటు ఎప్పుడో తెగిందని, దాని మీద ఐదేళ్లు తిరిగితే లోపలి కుషను కూడా అరిగిందని తేలింది. ఆపరేషను చేశారు. ఏ త్రీ, 24 వారాలు. మళ్లీ 24. తర్వాత పర్మనెంట్. నాయబ్ సుబేదార్ లిస్టు వచ్చినప్పుడు నేను టెంపరరీలో ఉన్నా. అప్పట్నుంచి రిటైర్ అయ్యేదాకా స్టోర్లో బూట్లు, దుప్పట్లు లెక్కపెట్టా.

స్టోర్ డ్యూటీ తప్పేం కాదు. రెండో ఏడాదికి ఆ పని నచ్చింది కూడా, లెక్క తేలితే అదో తృప్తి. కానీ పొద్దున ఫాలిన్‌లో, అందర్నీ వరసగా నిలబెట్టినప్పుడు, "లో మెడికల్ ఉన్నవాళ్లు పక్కకి" అంటారు చూడు, అప్పుడు మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. పక్కకి వచ్చిన వరసలో బీపీ వాళ్లు, వెన్ను పోయినవాళ్లు, లావెక్కినవాళ్లు, అందరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం కాదు. మాలో ఒకడికి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. డాక్టరుకి చెప్పమంటే, ఎస్ దగ్గర అంకె పడితే తుపాకీ డ్యూటీ ఇవ్వరు, ఊళ్లో పిచ్చోడంటారు అనేవాడు. వాడి గురించి ఇంకోసారి రాస్తా.

అసలు సంగతి ఇది. 2021లో 24 ఏళ్లు నిండి బయటకి వస్తుంటే రిలీజ్ మెడికల్ బోర్డు కూర్చుంది. బల్ల అవతల డాక్టరు, కుర్రాడు, మర్యాదస్తుడు. మోకాలు వంచి చూశాడు, శాతం వేశాడు. 20 దాటింది. డిసేబిలిటీ పెన్షన్‌కి కావాల్సింది కనీసం 20. నా మొహం వెలిగిపోయింది. అప్పుడు అడిగాడు: "హవల్దార్ సాబ్, గాయం ఎప్పుడు తగిలింది? ఇంజురీ రిపోర్ట్ ఉందా?" 2006 అన్నా. ఫైలు మొత్తం తిరగేశాడు. 2006లో నాకు జలుబు చేసిన కాగితం ఉంది. మోకాలు గురించి ఒక్క ముక్క లేదు. నా చేతులతో నేనే లేకుండా చేశాగా. సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని రాశాడు. డిసేబిలిటీ పెన్షన్ పోయింది. అప్పీలు వేశా, వెనక్కొచ్చింది. 2013లో సిపాయి ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, చేరేటప్పుడు జబ్బు రాసి లేకపోతే అది సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి అని. మా వకీలు అది చదివి వినిపించి, "కానీ నీది దెబ్బ, ఎక్కడ తగిలిందో చూపించాలి" అన్నాడు. ఆ రోజు నెట్ దగ్గర నాతో ఆడినవాళ్లలో ఇద్దరి నంబర్లు దొరికాయి. ఒకడికి గుర్తే లేదు.

అమ్మా, నువ్వు చదువుతున్నావని తెలుసు. నా మోకాలు గల్ఫ్‌లో నిలబడి నిలబడి పాడైందని నీకు చెప్పింది అబద్ధం. పాడైన మోకాలితోనే ఇక్కడికి వచ్చా. ఇక్కడ వీసా మెడికల్‌లో రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. మోకాలి సంగతి ఎవడూ అడగలేదు. ఫిట్ అని ముద్ర కొట్టారు. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడుతున్నా.

శీనూ, రేపు పొద్దున చెయ్యాల్సింది చెప్తా. ఎంఐ రూమ్‌కి పో. నిన్న పడ్డానని కథ అల్లకు. ఏ రోజు పడ్డావో ఆ తేదీయే చెప్పు, ఇన్నాళ్లు ఎందుకు రాలేదంటే భయపడ్డానని చెప్పు. ఐఏఎఫ్‌వై 2006 ఫారం నింపించు, అదే ఇంజురీ రిపోర్ట్. అందులో డాక్టరు దెబ్బ ఎంతటిదో రాస్తాడు, కమాండింగ్ ఆఫీసర్ సాబ్ నువ్వు డ్యూటీలో ఉన్నావో లేదో రాస్తాడు. ఆ ఒక్క వాక్యం కోసమే ఇదంతా. నువ్వు జారినప్పుడు కింద నిలబడి చూసిన రిక్రూట్లు పాసౌట్ అయ్యి దేశం మీద చెల్లాచెదురు కాకముందే వాళ్ల సాక్ష్యం తీయించు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ పెడితే కంగారు పడకు, అది ఏం జరిగిందో తేల్చే విచారణే, నీ మీద కేసు కాదు. బోర్డు కూర్చుంటే ఏఎఫ్‌ఎమ్‌ఎస్‌ఎఫ్ 15 ఫారం మీద సంతకం పెట్టేముందు కారణం అన్న గడిలో ఏం రాశారో చదువు. కాపీ తీసుకుని అమ్మ ట్రంకుపెట్టెలో పెట్టు, ఫోన్‌లో కాదు. 2023 సెప్టెంబరు నుంచి పెన్షన్ రూల్స్ మారాయి, కాబట్టి నా లెక్కలు పట్టుకోకుండా మీ హెడ్ క్లర్క్‌ని అడుగు.

క్యాడర్ ఈసారి పోవచ్చు. పోనీ. నీకు ఇంకా సర్వీసు ఉంది, ఇప్పుడే చూపిస్తే 24 వారాల్లో మళ్లీ షేప్ వన్ అయ్యే అవకాశమూ ఉంది. నాకది లేకుండా పోయింది. మీ బ్యారక్‌లో ఎవరైనా "క్రేప్ కట్టుకుని లాగించు" అంటే, వాడు మంచివాడే అయ్యుంటాడు, నవ్వి ఊరుకో.

లక్ష్మికి ఒక మాట. రేపు వాడు బయల్దేరకపోతే నువ్వే రిక్షానో ఆటోనో ఎక్కించి పంపు. వాడు నా మాట కంటే నీ మాట వింటాడు, పెళ్లైన మొదటి నెలలోనే కనిపెట్టా.

పాపకి రంగు పెన్సిళ్లు పంపుతున్నా. ఎర్రది చెక్కేటప్పుడు ముక్కు విరిగింది, చెక్కింది నేనే. అమ్మకి ఖర్జూరాలు, రోజుకి రెండే తినమని చెప్పండి, షుగరు చూపించి చాలా రోజులైంది. కుర్రాడు నెల తర్వాత తిరిగొస్తాడు, కుదిరితే కందిపొడి పంపండి. ఇంజురీ రిపోర్ట్ సంతకాలయ్యాక ఫొటో మాత్రం వెంటనే పెట్టండి, అర్ధరాత్రైనా సరే.

సంచి అడుగున మోకాలికి తొడుక్కునే పట్టీ, నీ-క్యాప్ అంటారు, ఒకటి ఉంది శీనూ. ఇక్కడ జతగానే అమ్ముతారు. నాకు ఎడమ కాలికి ఒకటి చాలు, నీది కుడి కాలని అమ్మ చెప్పింది.

మీ
అన్నయ్య