సూర్యకాంతం గారికి ఒక పేజీ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత నటుల మీద మీ సినిమా పేజీలో ఎప్పుడు రాసినా హీరో హీరోయిన్ల దగ్గరే ఆగిపోతున్నారు, నాకు బాధగా ఉంది. సావిత్రి గారంటే నాకూ ప్రాణమే. 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా మగ నడక నడుస్తూ, అంతలోనే ముడుచుకుని సిగ్గుపడే ఆవిడ నటన ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

కానీ అదే సినిమాలో హిడింబి వేసిన సూర్యకాంతం గారి సంగతి చూడండి. ఆవిడ పుట్టింది 1924లో, మా కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో. కొడుకు ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు గారు పుట్టింది 1918లో, అంటే తల్లి కంటే కొడుకే ఆరేళ్లు పెద్ద! సినిమా చూస్తున్నంతసేపూ ఆ మాట గుర్తే రాదు. ఇక 1962లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున అందరూ ఉన్న సినిమాకి ఆవిడ పాత్ర పేరే పెట్టి 'గుండమ్మ కథ' అన్నారు, అంతకన్నా ఏం కావాలండీ. ఆ ఎడమ చెయ్యి తిప్పుతూ ఆవిడ నోరు విప్పితే మా అమ్మ టీవీ ముందు కూర్చుని నిజంగానే తిట్టేది, మళ్లీ ఆవిడ సినిమా అంటే పొయ్యి మీద కూర మాడినా కదిలేది కాదు.

రేలంగి గారు, పాలకొల్లు అల్లు రామలింగయ్య గారు కూడా మా గోదావరి వాళ్లే, ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వీళ్ల మీద కూడా రాయండి, ముందు మాత్రం సూర్యకాంతం గారి మీద.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం