ఆ 1895 ఏడాది కాదమ్మలూ

అమ్మలూ,

మొన్న ఫోన్లో "తాతగారి తుపాకీ నిజంగా 1895 నాటిదేనా నాన్నా?" అని అడిగావు. అవునని అనేశాను కానీ, పెట్టేశాక నాకే అనుమానం పట్టుకుంది. లైసెన్సు రెన్యువల్ కూడా దగ్గర పడిందని, నిన్న పాత ఊళ్ళో తుపాకుల షాపాయన దగ్గరికి పట్టుకెళ్ళాను.

బ్యారెల్ మొదట్లో 1895 అని చెక్కి ఉంటుంది కదా, జమీందారుగారు ఆ ఏడే మా తాతకిచ్చారని మీ పెద్దత్త చెప్పే కథకి సాక్ష్యం అదే. ఆయన చూసి నవ్వి, "మీ లైసెన్సు పుస్తకం తియ్యండి" అన్నాడు. నంబరు గడిలో అదే 1895! అది తుపాకీ నంబరు. ఇన్నేళ్ళు రెన్యూ చేయించుకుంటూ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన పాపాన పోలేదు.

తర్వాత క్యాలిబర్, అంటే ఏ సైజు తూటా పడుతుందో చదివాడు. 9.3 బై 62. బెర్లిన్‌లో ఓటో బాక్ అనే తుపాకుల తయారీదారు ఆ తూటాని 1905లో తెచ్చాడట. తూటా పుట్టకముందే తుపాకీ ఎలా పుడుతుంది? ఇలాంటిదే మన దేశం లెక్క ఇంకొకటి చెప్పాడు. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 క్యాలిబర్‌ని ఇక్కడ నిషేధిస్తే, ఇంగ్లండ్ తయారీదారులు .465 లాంటివి తీసుకొచ్చారు. కాబట్టి ఏ రాజావారి .465 చూసినా అంతకుముందుది కాదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

అసలు సంగతి తుపాకీ కర్ర లోపల దొరికింది. రెండు స్క్రూలు విప్పి బ్యారెల్‌ని పైకి లేపితే, అడుగున నల్లగా గడ్డకట్టిన పాత నూనె. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్ది, పైపైన తుడిచేశాడు. గుంటల్లో తెల్లగా మిగిలాయి ముద్రలు: చిన్న కిరీటం, దాని కింద యు. ఇంకో కిరీటం కింద జి. మరోదాని కింద ఎన్, అంటే పొగరాని తూటా మందుతో పరీక్షించారని. పక్కన 7 26. నేను 1 అని చదివితే, భూతద్దం పెట్టి ఏడేనన్నాడు. 1926 జూలైలో జర్మనీలో బ్యారెల్‌ని పరీక్ష చేసి కొట్టిన ముద్ర అది. 1940 తర్వాతదైతే కిరీటానికి బదులు గద్ద ఉండేదట.

అమ్మింది అదే ఏడాదో, రెండేళ్ళ తర్వాతో ఈ ముద్ర చెప్పదు. తయారీదారు పేరు చెప్పేదేమో. కానీ నువ్వు పుట్టకముందు, ఉప్పుగాలికి తుప్పు పట్టిందని నేనే గరుకు కాగితంతో బ్యారెల్ పైభాగం తోమేశాను. మా నాన్న వారం రోజులు మాట్లాడలేదు. పేరులో ఇప్పుడు చివరి రెండక్షరాలే మిగిలాయి. అడుగు భాగం నా చేతికి అందలేదు కాబట్టి బతికిపోయింది.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక దానికెలాగూ పని లేదు. ఎలక్షన్లొస్తే స్టేషన్లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకుని నూనె రాయడం, అంతే. ఈసారి రాసేటప్పుడు నీకోసం ఆ ముద్రలు ఫోటో తీసి పంపుతాను.

పెద్దత్తకి మాత్రం ఇప్పుడే చెప్పకు. సంక్రాంతికి ఆవిడ కథ మొదలుపెట్టాక నేనే చెబుతాను.

మీ నాన్న